గోడ ఏ రంగులో ఉంది

మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్‌ఫూషీ పేట కళ్ళు మూసుకుంటుంది. అలెగ్జాండ్రియా అంతా అటు గోలగోలగా ఉన్నా, ఈ మూల సముద్రం కూడా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఒడ్డున సగం కట్టిన పడవలు దిమ్మల మీద నిలబడి, నీళ్ళలోకి ఎప్పుడు దిగుతామా అని కలలు కంటూ ఉంటాయి. ఆ వేళప్పుడు తెరిచి ఉండేది వగ్దీ మందుల కొట్టొక్కటే. మందులమ్మే మనిషే అయినా పేటంతా ఆయన్ని డాక్టరనే పిలుస్తుంది. అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళేది ఈయన వెళ్ళమన్నాకే.

ఆ నిద్దరవేళ కొట్టు తెరిచి ఉంచడానికి కారణం ఉంది. మగవాళ్ళు చెప్పుకోలేని జబ్బులన్నీ అప్పుడే వస్తాయి. వచ్చినవాడు ముందు టూత్‌పేస్టు అడుగుతాడు. తర్వాత దగ్గుబిళ్ళలు. అవీ కట్టించుకున్నాక గుమ్మం వైపోసారి చూసి, "మా స్నేహితుడొకడున్నాడు డాక్టరూ..." అని మొదలుపెడతాడు. వగ్దీ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఆ స్నేహితుడి గురించి వింటూనే ఉన్నాడు. పాపం, ఆ స్నేహితుడికి ఏ వయసులోనూ సుఖం లేదు.

మగతనం కోసం వేసుకునే నీలం మాత్ర ఎవడైనా అమ్ముతాడు. మాన్పించడమే వగ్దీ పని. పెళ్ళిలో చెయ్యి కలుపుతూ పెళ్ళికొడుకు అరచేతిలో ఆ మాత్ర పెట్టి కన్నుగీటడం ఈ పేట మగవాళ్ళకి ఓ సరదా. అవసరం లేని కుర్రాడు కూడా వేసుకుంటాడు. బాగుందనుకుంటాడు. ఆ తర్వాత అది లేకుండా పడగ్గది గడప దాటాలంటే కాళ్ళు వణుకుతాయి. అలాంటివాణ్ణి వగ్దీ తెర చాటున స్టూలు మీద కూర్చోబెట్టి, సోంపు టీ ఇచ్చి, మాత్ర ఊసెత్తకుండా చేపల గురించి, వానల గురించి బోలెడు కబుర్లు చెప్పేవాడు. లేచేటప్పుడు మాత్రం, ఈసారికి సగం వేసుకోమనేవాడు. కొన్నాళ్ళకి పావు. ఆపైన మింగనక్కర్లేదు, జేబులో ఉంటే చాలనేవాడు. చివరికి ఏదో ఓ రోజు వాడు ఖాళీ జేబుతోనే ఇంటికెళ్ళి, మర్నాడు టూత్‌పేస్టు కూడా అడక్కుండా నవ్వుతూ వచ్చి నిలబడేవాడు.

షెహాతా సంగతి వేరు. అతను పడవలు కట్టే మేస్త్రి. చక్కెర జబ్బు మనిషి కాబట్టి మాత్ర అతనికి నిజంగానే అవసరం పడింది. ఏళ్ళ తరబడి వేసుకున్నాడు, భార్య ఇన్షిరాకి తెలియకుండా. ఆ చలికాలం గుండెనొప్పితో ఆస్పత్రిలో చేరి తిరిగొచ్చాడు. మళ్ళీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని అక్కడ చిన్న బిళ్ళలిచ్చారు. ఆ బిళ్ళా, నీలం మాత్రా ఒకే ఒంట్లో కలిస్తే రక్తపోటు పాతాళానికి పడిపోతుంది. మనిషి దక్కడం కష్టం.

"ఇక జన్మలో ముట్టుకోకూడదు షెహాతా," అన్నాడు వగ్దీ తెర వెనక. "నీకు సగాలూ పావులూ లేవు."

షెహాతా ఊలు టోపీ మడతలోంచి మిగిలిన మాత్రలు తీసి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు వాటినే చూశాడు.

"అది వేసుకున్నప్పుడు లోకం కాస్త నీలంగా కనిపించేది డాక్టరూ. తెల్ల దుప్పటి, తెల్ల గోడ, ఆవిడ మొహం... అన్నీ తెల్లవారుజాము సముద్రంలా ఉండేవి. ఇక అదీ లేదన్నమాట."

"కొందరి కళ్ళకలా అవుతుంది. అదంతా మందు చేసే గారడీ."

"గారడీయేలే. బాగుండేది."

వగ్దీకి నవ్వు రాలేదు. ఆ మనిషి మీద చెప్పలేనంత జాలి కలిగింది.

"మీ ఆవిడకి, మీ సనా వాళ్ళమ్మకి చెప్పేయ్ అన్నా."

"చంపినా చెప్పను. చెప్తే ఇన్నేళ్ళ కాపురం ఆ మాత్ర చలవే అనుకోదూ? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"మా ఆవిడ లవాహిజ్ పోయే ముందు సంవత్సరం మా మధ్య ఏమీ లేదు, తెలుసా? సాయంత్రం బాల్కనీలో కూర్చుని నా చేత తల దువ్వించుకునేది. అంతే. దానికే ఇద్దరం ఒళ్ళు మరిచిపోయేవాళ్ళం."

"నాకు తల దువ్వడం రాదే!"

"చిత్రిక పట్టే చేతులయ్యా నీవి. దువ్వెన ఓ లెక్కా?"

షెహాతా నవ్వాడు గానీ, దువ్విన దాఖలా మాత్రం కనపడలేదు. అప్పుడప్పుడూ మధ్యాహ్నం వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. సిగరెట్లు మానేశాడు. సముద్రపు గట్టు మీద పొద్దున్నే నడుస్తున్నాడు. ఇంట్లో మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటున్నానన్నాడు. వగ్దీ ఇంకో మాట అడగలేదు. ఎదుటివాడి పడగ్గది గుమ్మం దగ్గర ఆగిపోవడమే మర్యాద అనుకున్నాడు. ఆ మర్యాదే కొంప ముంచబోయింది.

వసంతం మొదట్లో ఓ రోజు సముద్రం మీంచి లేచిన పొగమంచు మధ్యాహ్నమైనా వీధిలోంచి కదల్లేదు. ఇళ్ళూ పడవలూ ఏవి ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి ఇన్షిరా కాళ్ళకి చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"డాక్టరన్నా, ఆయనకి నొప్పొచ్చింది! రా, తొందరగా రా!"

ఇల్లు రెండు గుమ్మాల అవతలే. షెహాతా సోఫాలో చెమటతో తడిసి, ఎర్రబడిన మొహంతో ఒరిగి ఉన్నాడు. వేళ్ళ మధ్య చిన్న బిళ్ళ. నోరు తెరిచి, దాన్ని పెట్టుకోబోతూ, ఎదుటి గోడకేసి చూస్తూ ఆగిపోయాడు.

"పెట్టుకోవయ్యా, ఏం చూస్తున్నావక్కడ?" అని అరిచింది ఇన్షిరా.

"డాక్టరూ," అన్నాడు షెహాతా నిద్దట్లో మాట్లాడుతున్నట్టు, "గోడ నీలంగా ఉంది."

వగ్దీ ఒక్క దూకులో వెళ్ళి ఆ చేతి మీద కొట్టాడు. బిళ్ళ ఎగిరి సోఫా కిందికి దొర్లిపోయింది.

"నీకు పిచ్చిగాని ఎక్కిందా? నా మొగుణ్ణి చంపేస్తావా?" ఇన్షిరా ఆయన చొక్కా పట్టుకుంది.

"మళ్ళీ వేసుకున్నావా షెహాతా?"

"నా కూతురు సనా మీదొట్టు. ముట్టుకోలేదు."

ఆ కళ్ళలో అబద్ధం లేదు. వగ్దీ బల్ల మీదకి చూశాడు. పొద్దుటి ఫితీర్ రొట్టె ముక్కలు, పక్కన బంగారు మూతతో కొత్త తేనె సీసా.

"ఈ తేనె ఎక్కడిదమ్మా?"

ఇన్షిరా చొక్కా వదిలేసింది. తలగుడ్డ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. "మూలికల కొట్లో కొన్నా. మగవాళ్ళకి హుషారొస్తుందన్నాడు. ఒట్టి వేళ్ళూ గింజలే, వేరే ఏమీ లేదన్నాడు."

అలాంటి తేనెల్లో కొన్నిటిలో ఆ నీలం మందు పొడే కలుపుతారని వగ్దీకి తెలుసు. అంబులెన్సుకి ఫోన్ చేశాడు. జేబులో తెచ్చిన ఆస్పిరిన్ షెహాతా చేత నమిలించి, వీపు వెనక దిండు పెట్టాడు.

"వచ్చేవాళ్ళు ముందు ఆ బిళ్ళే పెట్టబోతారు. నీ ఒంట్లో ఏ మందుందో వాళ్ళకి చెప్పాలి."

"ఏ మందు?" అంది ఇన్షిరా. "గోడ నీలంగా కనిపిస్తే ఒంట్లో మందుందని మీకెలా తెలిసింది? ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

వగ్దీ షెహాతా వైపు చూశాడు. బయట ఎక్కడో పొగమంచులో పడవ కూత వినిపించింది. షెహాతా కళ్ళు మూసుకున్నాడు.

"ఆ నీలం నాకు కొత్త కాదు ఇన్షిరా. దానికో మాత్ర ఉంది. ఏళ్ళుగా వేసుకున్నా, నీకు తెలీకుండా. గుండె పాడయ్యాక మాన్పించాడు ఈయన. అది లేకపోతే నేనెందుకూ పనికిరానని... నీకు మొహం చూపించలేక..."

ఇన్షిరా అతని కాళ్ళ దగ్గర నేల మీద కూలబడింది. ఆమె గొంతులో కోపమే ఎక్కువుంది.

"తేనె నేను దానికోసం కొన్నాననుకున్నావా? దిక్కుమాలిన మనిషీ! చలికాలం పొడుగూతా నీ వీపు చూస్తూ పడుకున్నాను. నా మీద మనసు విరిగిందనుకున్నా. ఏ హుషారొచ్చినా రాకపోయినా ఒక్కసారి మొహం ఇటు తిప్పితే చాలనుకుని కొన్నాను."

అంబులెన్సు వాళ్ళు గుమ్మంలోకి వచ్చేశారు. వగ్దీ తేనె సీసా వాళ్ళ చేతిలో పెట్టి చెప్పవలసింది చెప్పాడు. షెహాతా దాచమనలేదు.

పొద్దు వాలేసరికి నొప్పి అదుపులోకి వచ్చింది. వగ్దీ వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. పొగమంచు విడిపోయి కిటికీలోంచి మెత్తని వెలుగు పడుతోంది. షెహాతా గోడకి వీపు పెట్టి పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఎదురుగా కుర్చీలో ఇన్షిరా, చెంప మీదికి జారిన ఆమె జుట్టుని అతని మోటువేళ్ళు మెల్లగా చెవి వెనక్కి తోస్తున్నాయి.

ఆ నీలం మందు ప్రభావం దిగిందో లేదో తెలుసుకోవాలని వగ్దీ గుమ్మంలోంచే అడిగాడు.

"షెహాతా, ఇప్పుడు గోడ ఏ రంగులో ఉంది?"

"ఏమో డాక్టరూ," అన్నాడు షెహాతా అటు తిరక్కుండానే. "నేను చూళ్ళేదు."