చిటికె భాషలో ఏడు అక్షరాలు

జహీరాబాద్ పోస్టాఫీసులో టెలిగ్రాములు పంపే తార్ బాబు మదన్‌మోహన్ చేతికి వచ్చిన కాగితం వచ్చినంత పొడుగుతో బయటికి పోయిన రోజు లేదు. చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిల్ తీస్తే చాలు, మాటలు తమంతట తామే పక్కకు తప్పుకునేవి. తార్‌కు మాటకింత అని డబ్బు తీసుకుంటారు గాని, ఆయన కత్తిరింపులో దురాశ లేదు, దయా లేదు. అది ఒట్టి పిచ్చి. కొందరికి పేకాట, కొందరికి పాన్, ఈయనకు కత్తిరింపు.

1974 ఎండాకాలంలో ఝరాసంగం నుంచి సంగయ్య అనే రైతు వచ్చి, బొంబాయి మిల్లులో పనిచేసే తమ్ముడికి తార్ ఇవ్వాలన్నాడు. బావి తవ్విన సంగతి, రాయి తగిలిన సంగతి, అమ్మ ఒప్పుకోకపోయినా ఇంకో గజం దించిన సంగతి, చివరికి నీళ్లు పడిన సంగతి కాగితం నిండా రాయించుకొచ్చాడు. మదన్‌మోహన్ చదివి, కాసేపు కళ్లు మూసుకుని, రెండు మాటలు మిగిల్చాడు.

"గింతేనా బాబు? నా మాటలన్ని యాడ వోయినయి?" అన్నాడు సంగయ్య.

"అన్ని దాంట్లనే ఉన్నయి. నీ తమ్ముడు విప్పుకుంటడు."

సంగయ్య సగమే నమ్మి వెళ్లాడు. మదన్‌మోహన్ మాత్రం పూర్తిగా నమ్మాడు. ఆఫీసు గోడ మీద శుభాకాంక్షల పట్టిక ఉండేది. అందులోని ఒక అంకె పంపితే అవతలి ఊరిలో పెళ్లివారికి పూర్తి వాక్యం అందేది. ఆ పట్టిక చూసినప్పుడల్లా ఆయనకు ఒళ్లు తేలికయ్యేది. మధ్యాహ్నం రోడ్డు మీద లారీలు కూడా ఆగి నిద్రపోయే వేళ, తార్ యంత్రం అప్పుడప్పుడూ టక్కుమంటుంటే, కిటికీ అవతల తీగల మీద ఒంటరి అక్షరాలు వచ్చి వాలినట్టు కనిపించేవి. ఒక్కొక్క అక్షరం కడుపులో ఒక్కొక్క పని. దాన్ని తాకితే పని జరిగిపోవాలి. అట్లాంటి భాష ఎక్కడో ఉండే ఉంటుందని, తాను దాని దాకా నడవాల్సి ఉందని ఆయనకు అనిపించేది.

ఈ పిచ్చికి మొదట బలైంది భార్య గిరిజమ్మే. ఇద్దరి పెళ్లి 1968 మే పదో తేదీ, శుక్రవారం. మరుసటి ఏడు ఆమె తొలి కాన్పుకు బీదర్‌లోని పుట్టింటికి పోయింది. నెల రోజులు ఎదురుచూస్తే భర్త నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో "కుశలం" అని మాత్రమే ఉంది. ఆమె కార్డు తిప్పి చూసింది. అవతల చిరునామా తప్ప ఏమీ లేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు గాని, కార్డును పెట్టె అడుగున దాచుకుంది.

1976లో హైస్కూలు లెక్కల పంతులు చెన్నబసప్ప ఒక సైన్సు పత్రికలోని పేజీ పట్టుకొచ్చాడు. తేదీ ఇస్తే వారం చెప్పమని కంప్యూటర్‌కు రాసిన ఆజ్ఞలు అవి. నలభై వరుసలున్నాయి. మదన్‌మోహన్ అప్పటికి కంప్యూటర్‌ను బొమ్మలో కూడా సరిగ్గా చూడలేదు. అయినా ఎర్ర పెన్సిల్ చేతిలోకి వచ్చేసింది.

"ఇంత వాగుడు ఎందుకు పంతులూ? మిషన్‌కు ఎవలన్న ఇట్ల బతిమాలి చెప్తరా?"

"మరి ఎట్ల చెప్పాలె?"

"చిటికేసి చెప్పాలె."

ఆ విధంగా చిటికె భాష పుట్టింది. ఒక పనికి ఒకే అక్షరం, అంతకు మించి రాయకూడదు. భాష అయితే పుట్టింది గాని దాన్ని నడిపే యంత్రం ఊళ్లో లేదు. అప్పుడు ఆయన కన్ను గిరిజమ్మ తెచ్చుకున్న వామనగుంటల పీట మీద పడింది. అందులో ఒక వరుసకు ఏడు గుంటలు, వారానికి ఏడు రోజులు. పుట్టింటివాళ్లు శివభక్తులు కాబట్టి మొదటి గుంట సోమవారమని గిరిజమ్మే నిర్ణయించింది. ఆట తెలిసిన చెయ్యి, తప్పు పోదు. ఆయన అక్షరాలు చదివేవాడు, ఆమె చింతగింజలు పంచేది. చివరి గింజ ఏ గుంటలో పడితే ఆ తేదీ ఆ వారం.

ఆదివారం మధ్యాహ్నాలన్నీ ఇట్లాగే గడిచాయి. వాకిట్లో వేపనీడ మెల్లగా పీట మీదికి జరిగేది. గింజలు టప్, టప్‌మని పడేవి. ఊరి చెరకు ఫ్యాక్టరీ వైపు నుంచి మడ్డి వాసన గాలిలో తేలివచ్చేది. ఆయన గోడ క్యాలెండర్ చూసి "కరెక్టు" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం పదేళ్ల పిల్లవాడి మొహంలా ఉండేదని గిరిజమ్మకు తెలుసు. ఆ మొహం కోసమే ఆమె కూర్చునేది.

మొదట ముప్పై ఒక్క అక్షరాలు పట్టాయి. రెండేళ్లకు పంతొమ్మిది. తరవాత తొమ్మిది. 1979లో ఆయన ఒక అక్షరం మీద వేలు పెట్టి, ఇది లేకుండా నడుస్తుందేమో చూద్దామన్నాడు. గిరిజమ్మ పంచింది. వారం సరిగ్గానే వచ్చింది. ఆ సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెచ్చి పండగ చేశాడు. 1982లో ఇంకోటి తీసేశాడు, మళ్లీ బజ్జీలు. మిగిలినవి ఏడు: స ప న ప త ప చ. సంవత్సరం గింజలు తియ్యి, పంచు, నెల గింజలు తియ్యి, పంచు, తేదీ గింజలు తియ్యి, పంచు, చెప్పు. దేనికి ఎన్ని గింజలో నోటుబుక్కులో చక్కగా రాసి ఉంది. అట్ట మీద "చిటికె భాష, రూపకర్త: మదన్‌మోహన్" అని ఉంది. ఎవరు నడిపారో రాయాలని ఆయనకు తోచలేదు. మిక్సీ ఎవరు తిప్పారో ఎవరైనా రాస్తారా అన్నట్టు ఉండేది ఆయన వరస.

చెన్నబసప్ప మాత్రం ఒప్పుకోలేదు. "నీ భాష నీ ఇంట్లనే నడుస్తది. బయటి మిషన్ మీద ఒక్కసారి నడిస్తె అప్పుడు భాష అంట. అప్పటిదాంక అది మీ ఆలుమగల ఆట" అన్నాడు. ఆ మాట మదన్‌మోహన్‌కు ముల్లులా దిగింది. నలుగురూ నవ్వినా పట్టించుకోనివాడు, ఈ ఒక్క మాటకు అన్నం ముందు కూడా ఉలిక్కిపడేవాడు. ఇన్నేళ్ల ఆదివారాలు నిజమా, కాదా అన్నది ఆయనకు తేలాలి.

1987లో చెరకు ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. దాన్ని నేర్పడానికి హైదరాబాద్ నుంచి ప్రకాశం అనే ఇరవై ఏడేళ్ల కుర్రాడు వచ్చాడు. తార్ ఇవ్వడానికి వచ్చి, తన కాగితాన్ని మూడు మాటలకు కుదించిన పెద్దమనిషిని చూసి ముచ్చటపడ్డాడు. నోటుబుక్కు తీసుకుపోయి, రెండు వారాలు కూర్చుని, అందులోని నియమాలను ఉన్నవున్నట్టు యంత్రానికి నేర్పాడు.

"ఈ ఆదివారం రండి సార్. సోమవారం నేను వెళ్లిపోతున్నా, మళ్లీ కుదరదు" అన్నాడు.

మదన్‌మోహన్ ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయాడు. చెన్నబసప్ప సాక్షిగా వెంట వచ్చాడు. గది బయట చెప్పులు విడిచి, చల్లటి నేల మీద గుడిలో నడిచినట్టు నడిచారు. నల్లటి తెర మీద పచ్చటి వెలుగులో ఏడు అక్షరాల గుర్తులు వరసగా నిలబడ్డాయి. తీగల మీద వాలిన అక్షరాలు ఇవే, ఇన్నేళ్లకు లోపలికి వచ్చాయి అనుకున్నాడాయన. కళ్లు చెమర్చాయి. పెళ్లినాటి తేదీ ఇమ్మన్నాడు.

తెర మీద బుధవారం అని వచ్చింది.

ఇంకో పదో తేదీ ఇచ్చారు. బుధవారం. ఏ నెల పదో తేదీ ఇచ్చినా బుధవారమే. మదన్‌మోహన్‌కు పదకొండేళ్లు ఒక కలను లెక్క అనుకున్నానా అని సిగ్గు ముంచుకొచ్చింది. నోటుబుక్కు మూసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆగండి సార్" అన్నాడు ప్రకాశం. "ఇన్నాళ్లూ దీన్ని ఎవరు నడిపారు?"

"మా ఇంటామె."

"ఆమెను పిలిపించండి."

గంటకు గిరిజమ్మ రిక్షాలో వచ్చింది, ఒళ్లో పీట, కొంగులో చింతగింజలు. చెప్పులు విడిచి కంప్యూటర్ గదిలో బాసింపట్టు వేసి కూర్చుంది. మదన్‌మోహన్ స అన్నాడు. ఆమె ఏడాది అంకె అరవై ఎనిమిదికి దాని నాలుగో వంతు పదిహేడు కలిపి ఎనభై ఐదు గింజలు లెక్కపెట్టుకుంది. ప అన్నాడు. ఏడు గుంటల్లో చుట్టూ తిరిగి పంచింది. చివరి గింజ మొదటి గుంటలో పడింది. న అన్నాడు. మే నెలకు ఒక్క గింజ. ప అన్నాడు. ఆమె దాన్ని రెండో గుంటలో వేసింది.

"అమ్మా, ఆగండి. రెండో గుంటలో ఎందుకు వేశారు?" అన్నాడు ప్రకాశం.

"ఆగిన కాడి నుంచే గద మొదలువెట్టాలె" అంది గిరిజమ్మ ఆశ్చర్యంగా.

"బుక్కులో అది లేదమ్మా. లేదు కాబట్టి మిషన్ ప్రతిసారీ మొదటి గుంట నుంచి మొదలుపెడుతోంది. చివరి పిడికిలి, అంటే తేదీ గింజలే లెక్కకు మిగులుతున్నాయి. అందుకే ఏ పదో తేదీ అయినా మూడో గుంట, బుధవారం."

గిరిజమ్మ భర్త వైపు చూసింది. "ఉండె. బజ్జీలు తెచ్చిన్రు సూడు, ఆ దినం కొట్టేసిన్రు. మీరు రాయకుంటే నేను మతిల పెట్టుకుంటున్న."

ప్రకాశం యంత్రానికి నేర్పిన నియమాల్లో ఒక వరుస చేర్చి మళ్లీ నడిపాడు. శుక్రవారం వచ్చింది. చెన్నబసప్ప లేచి నిలబడ్డాడు. ప్రకాశం ఉత్సాహంగా తన పుట్టినరోజు, 1960 ఫిబ్రవరి ఇరవై ఒకటి, ఇచ్చాడు. సోమవారం అంది తెర. "కాదే, ఆదివారం పుట్టానని మా అమ్మ చెప్తుంది."

"లీపు సంవత్సరం గద బిడ్డా" అంది గిరిజమ్మ. "జనవరి, ఫిబ్రవరిలకు ఒక గింజ పక్కకు పెడత. అది గూడ కొట్టేసిన్రు, రెండో బజ్జీల నాడు."

ఇంకో వరుస చేర్చాక ఆదివారం వచ్చింది. ఆ తరవాత ఏ తేదీ ఇచ్చినా తప్పలేదు. ఏడు అక్షరాలూ ఏడుగానే ఉన్నాయి. చెన్నబసప్ప, "బయట గూడ నడిచింది మదన్‌మోహన్. ఇది భాషే" అన్నాడు. ఏళ్ల తరబడి వినాలనుకున్న మాట అది. మదన్‌మోహన్ దాన్ని సరిగ్గా వినలేదు.

గింజలు ఏరుతున్న గిరిజమ్మ చేతినే ఆయన చూస్తున్నాడు. తాను కొట్టేసిన ప్రతి అక్షరం మాయమైందనుకున్నాడు. అది మాయం కాలేదు, ఆ చేతిలోకి పోయింది. ఒక్క తార్ కాగితంలోనే కాదు, ఇంట్లో కూడా తాను రాయనిదంతా ఎవరో చేస్తూనే ఉన్నారు. సంతోషం, సిగ్గు ఒకేసారి వచ్చాయి.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇంటికి పోతుంటే రిక్షాలో.

"మీకు ఎరుకే అనుకున్న" అంది గిరిజమ్మ. "ఇంట్ల పని ఎవలన్న రాసిస్తరా చేసేటోళ్లకు?"

మరునాడు పొద్దున ఆయన ఆఫీసుకు ఆలస్యంగా పోయాడు. గిరిజమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి నోటుబుక్కు పీట మీద తెరిచి ఉంది. అట్ట మీద రూపకర్తలు ఇద్దరయ్యారు. లోపల మొదటి పేజీలో, ఆగిన చోటు నుంచి మొదలుపెట్టాలని కనిపెట్టింది ఎవరో, పక్కకు పెట్టిన గింజ ఎవరిదో, 1976 నుంచి ఎన్ని ఆదివారాలు ఎవరు ఎవరి కోసం కూర్చున్నారో రాసి ఉంది. బీదర్‌కు పంపిన ఆ కార్డులో ఏమేమి రాయాల్సిందో కూడా ఉంది. ఎర్ర పెన్సిల్ గీత ఒక్కటీ లేదు.

ఆమె నిలబడే చదివింది. కింది దాకా వచ్చి, పేజీ తిప్పి చూసింది. వెనక వైపు కూడా రాసి ఉంది.