డైనోసార్ పేజీకి పూసిన మైదా లై

స్కూల్ల హాలోవీన్ అట. మా బిడ్డ పొద్దటి నుంచి అట్టతోటి డైనోసార్ మాస్క్ చేస్తున్నది. అట్టలు అతికించనీకి పొయ్యి మీద పెట్టిన మైదా లై ఉడికే వాసన రాంగనే నా గుండె ఝల్లుమన్నది.

మన చిన్నప్పుడు పతంగులకు, పుస్తకాల అట్టలకు గీ లైనే కదా, యాదికున్నదా? హుస్సేనీ ఆలంల మా ఇంట్ల ఒక పాత డైనోసార్ బొమ్మల పుస్తకం ఉండె. అండ్ల నోరు తెరిచిన ఒకదాన్ని చూస్తే నాకు చెమటలు పట్టేవి. అది బయటికి రావద్దని ఆ రెండు పేజీలకు లై పూసి అతికించిన, రేకు సందూకుల దాచిపెట్టిన.

రెండు రోజులకు, పగటి పూట అందరు పండుకున్నంక, సందూకులకెల్లి కరకర చప్పుడు! అమ్మను లేపి మూత తీపిస్తే, సరిగ్గా ఆ పేజీల కాడనే పెద్ద బొక్క. డైనోసార్ తల లేదు.

"పిచ్చి పోరీ, లై అంటే ఎలుకలకు పాణం" అన్నది అమ్మ. నేను నమ్మలే. మస్తు రోజులు మంచం దిగాలంటేనే వణికిన.

ఇయ్యాల మాస్క్ ఆరంగనే స్టీల్ డబ్బాల పెట్టి మూత బిగించిన.

"ఎందుకమ్మా?" అన్నది బిడ్డ.

ఎలుకలు కొరుకుతయని చెప్పిన.

జల్‌పల్లిల ఈ కొత్త ఇంటికి వచ్చినంక ఒక్క ఎలుకను గూడ చూడలే.