చీరల అల్మారిలో చాక్లెట్లు

పుష్పవల్లికి వాసన తెలియక ఇరవై రెండు రోజులైంది. జ్వరం తగ్గింది గాని ముక్కు పనిచేయలేదు. ఆ సంగతి ఆమె భర్తకు కూడా చెప్పలేదు.

మలేసియాలోని క్లాంగ్‌ ఊళ్లో విదేశీ చాక్లెట్లు తెప్పించి అమ్మే చిన్న కంపెనీలో ఆమె మొదట కింది గోదాములో పెట్టెలు మోసేది. పదకొండేళ్ల కిందట, సబ్బుల పక్కన ప్రయాణం చేసి వచ్చిన చాక్లెట్ సరుకుకు సబ్బు వాసన అంటిందని పెట్టె తెరుస్తూనే పట్టేసింది. అప్పటి నుంచి మేడ మీద రుచి చూసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఏది తెప్పించాలో ఆమె మార్కులే తేల్చేవి. ఇప్పుడు యాభై నాలుగేళ్లు. ఈ నడుముతో మళ్లీ పెట్టెలు మోయడం ఆమె వల్ల కాదు.

ఆ సోమవారం బల్ల మీద స్పెయిన్ నుంచి వచ్చిన అయిదు రకాలున్నాయి. చిన్న చిన్న కుటుంబాలవాళ్లు చేత్తో చేసినవి. శనివారం ఆఫీసులో ఏసీ పాడైతే, యజమాని కుమరన్ వాటిని ఆమె ఇంటికి పంపాడు. ఫ్రిజ్‌లో రొయ్యల ముద్ద వాసన పడుతుందని ఆమె పడకగదిలో ఏసీ వేసి, చీరల అల్మారిలో దాచింది.

ఈ మూడు వారాలూ పుష్పవల్లి, తనకంటే ముందు రుచి చూసే తోటి ఉద్యోగి రుబిని ముఖం చూసి మార్కులు వేస్తూ వచ్చింది. ఇవాళ ఆ ముఖం అంతుబట్టలేదు.

"ఆంటీ, మీరే ఫస్ట్ సెప్పండి లా," అంది రుబిని, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

పుష్పవల్లి ముక్క విరిచింది. టక్కున విరిగింది. నాలుక మీద పెట్టుకుంది. చేదు, కొంచెం తీపి. ఇంకేమీ లేదు.

"ఏయించిన బాదం వాసన. ఎనిమిదిన్నర."

"బాదమా?" అంది రుబిని.

బల్లకు అటువైపున్న కుమరన్ ఒక ముక్క నోట్లో వేసుకుని కాగితంలోకి ఉమ్మేశాడు. "ఏటక్కా ఇది! కోయిల్లో హారతి పట్టినట్టుంది. దీనికి ఎనిమిదిన్నరా? నైవేద్యం పెడితే సామి కూడా లేసి పోతాడు లా!"

"అన్నీ అలాగే ఉన్నాయి," అంది రుబిని. "కర్పూరం."

పుష్పవల్లికి తన చీరల అల్మారి తట్టింది. చీరలకు పురుగు పట్టకుండా అత్త నేర్పిన అలవాటు, అల్మారి ప్రతి అరలోనూ కర్పూరం బిళ్లలు. ముక్కు పనిచేసి ఉంటే తలుపు తీయగానే గుర్తొచ్చేది.

"స్పెయినోళ్లే పాడు సేసినారు," అన్నాడు కుమరన్. "రుబినీ, అయిదుగురికీ మెయిల్ పెట్టు. వద్దని."

రుబిని కంప్యూటరు తెరిచింది. తను నోరు మూసుకుంటే చాలు, ఈ పూట గడిచిపోతుంది. మూడో చాక్లెట్ చుట్టిన కాగితం మీద దాన్ని చేసినవాళ్లెవరో పెన్నుతో తమ పేరు రాసి, కింద చిన్న గీత గీశారు. పుష్పవల్లి ఆ గీతనే చూస్తూ ఉంది.

"మెయిల్ పెట్టించకు తమ్ముడూ. అది మా ఇంటి కర్పూరం."

"మరి నీకు వాసన రాలేదా?" అన్నాడు కుమరన్.

"రాలేదు. జొరం వచ్చినకాడి నుంచి ఏదీ రాలేదు."

"మూడు వారాలు మార్కులేసినావు కదక్కా?"

"రుబిని మొగం సూసి ఏసినాను."

రుబిని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. కుమరన్ బీరువాలోంచి ఈ మూడు వారాల మార్కుల కాగితాలు తీసి ఒక్కొక్కటే తిప్పసాగాడు. పుష్పవల్లి లేచి నిలబడింది.

"తమ్ముడూ, రేపు ఇక్కడికే రానా, కింద గోదాముకెల్లనా?"

అతను ఆమె వేసిన మార్కుల మీద వేలు పెట్టి చదివాడు. ఇంకో కాగితం తిప్పాడు.