ఆపరేటరు అడగని పేరు

మా బావగారు జయరాజు అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లో ఒక కార్ల కంపెనీలో ఇంజనీరు. కారు కిటికీ అద్దాన్ని పైకీ కిందికీ నడిపే పరికరం ఒకటుంటుంది, తలుపు లోపల ఎవరికీ కనబడకుండా. పదేళ్లుగా ఆయన పని అదొక్కటే. రోడ్డు మీద ఆ కంపెనీ కారు పోతుంటే అందరూ కారుని చూసేవారు, ఆయన అద్దాన్ని చూసేవారు.

ఆఫీసులో ఆయన్ని జే అనేవారు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నవోమి గారి భర్త అనేవారు, ఎందుకంటే ఆరాధనలో కీబోర్డు వాయించేది మా అక్క. ఇంట్లో అక్క ఏవండీ అని పిలిచేది. మొగుడి పేరు పైకి అనకూడదని మా అమ్మ నేర్పింది. అమెరికా వచ్చినా అక్క నోటికి ఆ పేరు రాలేదు. అలా ఆయన పేరుతో ఎవరికీ పని పడేది కాదు.

అక్క కాన్పుకి సాయంగా నన్ను పిలిపించుకున్నారు. ఇంటర్ మధ్యలో ఆపేసి వచ్చాను. పాప నడక నేర్చాక కూడా ఉండిపోయాను.

ఆ ఇంట్లో పేక ముక్క కనబడకూడదు. సంఘం మాట అదే, అక్క మాటా అదే. బావగారి పేక కట్ట కారు ముందు సీటు ఎదుటి అరలో, గ్లవ్ బాక్స్‌లో ఉండేది. ఆఫీసులో భోజనాల వేళ తోటివాళ్ల దగ్గర పోకర్ నేర్చుకుని, ఏడాది తిరిగేసరికి నేర్పినవాళ్లనే ఓడించడం మొదలుపెట్టారు. నేను గరాజ్‌లో బట్టలు వాషర్‌లో వేస్తుంటే, ఆయన డీప్ ఫ్రీజర్ మూత మీద ముక్కలు పరిచి ఆట చెప్పేవారు. మన ముక్కలు మనకే తెలుస్తాయి, ఎదుటివాడివి వాడి మొహంలో వెతుక్కోవాలి, అంతే ఆట అనేవారు.

"నా మొహంలో ఎవడికీ ఏమీ దొరకదు కుమారీ. పెళ్లయి ఇన్నేళ్లు, మీ అక్కకే దొరకలేదు," అన్నారొకసారి. నవ్వుతూనే అన్నారు.

1986 మే నెలలో ఆయన సెలవు పెట్టి లాస్ వేగాస్ వెళ్లారు. అక్కడ ఏటా పెద్ద పోకర్ పోటీ జరుగుతుంది. ముందుగా చిన్న పోటీలుంటాయి, వాటిలో గెలిచినవాళ్లకి పెద్ద పోటీలో కుర్చీ దొరుకుతుంది. ఆఫీసు ట్రైనింగ్ అని సంఘంలో చెప్పమన్నారు. వెళ్లేముందు రోజు అక్క ఆయన చొక్కాలు ఇస్త్రీ చేసింది. చివరి చొక్కా దగ్గర ఆగి, డబ్బు కోసమే అయితే ఇప్పుడు మనకేం తక్కువైందని అడిగింది.

"డబ్బు కాదు. ఆఖరి బల్ల దగ్గర తొమ్మిదిమంది కూర్చుంటారు. వాళ్ల పేర్లు పెద్ద బోర్డు మీద రాసి, మైకులో చదువుతారు. ఆ బల్ల దాకా చేరితే చాలు, తరవాత ఓడినా ఫరవాలేదు," అన్నారు బావగారు.

అక్క చొక్కా మడిచి పెట్టెలో పెట్టింది. వద్దని అనలేదు.

ఆయన కుర్చీ గెలుచుకున్నారు. రోజూ లాంగ్ డిస్టెన్స్ ఫోనంటే ఖర్చు కాబట్టి వెళ్లేముందే ఒక ఏర్పాటు చేశారు. ఆపరేటరు ద్వారా ఫలానా మనిషి కావాలని ఫోన్ చేస్తే, ఆ మనిషి ఇంట్లో లేరంటే బిల్లు పడదు. ఆటలో ఉంటే బైబిల్లోని బలశాలి సంసోను కావాలని అడుగుతారు. ఓడిపోతే చేప మింగిన యోనా కావాలని అడుగుతారు. ఆఖరి బల్లకి చేరితే మాత్రం తన సొంత పేరే అడుగుతారు. అక్క ఫోనెత్తితే కంగారులో తెలుగులో మాట్లాడేస్తుందని ఆ పని నాకు అప్పగించారు. నాకా, ఇంగ్లీషులో నోరు పెగలదు. ఒక్క వాక్యం రాసుకుని, బట్టీపట్టి, ఫోను పక్కన కూర్చునేదాన్ని.

మంగళవారం ఆపరేటరు సంసోను పేరునే ఇంగ్లీషులో, శాంసన్ ఉన్నారా అని అడిగింది. హి ఈజ్ నాట్ హియర్ అన్నాను. బుధవారమూ శాంసనే. గురువారం కూడా శాంసన్ అనేసరికి అక్క చేతిలోని గరిటె స్టవ్ మీదే వదిలేసి నా పక్కకి వచ్చి నిలబడింది. మంగళవారం ఆ మొహంలో ఉన్న చిరాకు గురువారానికి లేదు. ఆ రోజు కూర మాడింది.

శుక్రవారం సాయంత్రం కృపావరం గారింట్లో ప్రార్థన. ఆయన సంఘ పెద్ద, గొంతు ఎక్కువ, ప్రార్థన ఇంకా ఎక్కువ. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకోవాలి. ఒకరు గ్రీన్ కార్డు కోసం చెప్పారు, ఒకరు వాళ్ల నాన్నగారి కంటి ఆపరేషన్ కోసం. అక్క వంతు వచ్చింది. బావగారు కనబడలేదేమని కృపావరం గారే అడిగారు.

"ఆఫీసు పని మీద వెళ్లారండి. మా ఆయన పని త్వరగా ముగించుకుని క్షేమంగా ఇంటికి రావాలని ప్రార్థన చేయండి," అంది అక్క.

ఊరెళ్లినవాళ్ల గురించి మా సంఘంలో అందరూ అనే మాటే అది. అలవాటు కొద్దీ వచ్చేసింది. కానీ కృపావరం గారికి అందించిన మనవిని అంత తేలిగ్గా వదిలే అలవాటు లేదు. కళ్లు మూసుకుని, చేతులెత్తి, ప్రభువా, ఆ బిడ్డ పనిని ఈ దినమే ముగించు, రేపటి దాకా ఉంచకు, ఈ గడియలోనే ఆ బల్ల దగ్గర నుంచి లేపి ఇంటి దారి పట్టించు అని బతిమాలారు. ఆఫీసు బల్ల అని ఆయన ఉద్దేశం. నేను కళ్లు తెరిచి చూశాను. అక్క కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. అందరూ ఆమేన్ అన్నారు. కాస్త ఆగి అక్క కూడా అంది.

మే నెలలో మా ఊళ్లో తొమ్మిదింటి దాకా వెలుగుంటుంది. ఇంటికొచ్చి, పాప చెప్పులు విప్పుతుండగా ఫోను మోగింది. ఎత్తాను. మిస్టర్ జోనా ఉన్నారా అని అడిగింది ఆపరేటరు. యోనా. లేరని చెప్పి పెట్టేశాను. అక్క నా మొహం చూసి, ఏ పేరని అడగలేదు.

ఆదివారం బావగారు వచ్చారు. అన్నం తింటూ ఒక్కసారే చెప్పారు. పదిమంది మిగిలారు, ఇంకొకడు ఓడి లేస్తే ఆఖరి బల్ల. తన దగ్గర రెండు రాణులు. ఎదుటివాడికి ఆసు పడితే తప్ప దారి లేదు. ఆఖరి ముక్కగా ఆసే పడింది. అప్పుడు టైమెంతని అడిగింది అక్క. ఐదు కావస్తోందన్నారు. వాళ్ల ఐదంటే మనకి ఎనిమిది, కృపావరం గారు ప్రార్థన చేసిన వేళ. అక్క కంచం జరిపేసి, శుక్రవారం ప్రార్థన సంగతి మొత్తం చెప్పేసింది.

ఆయన కోప్పడతారనుకున్నాను. లేదు, నవ్వారు. దేవుడికి పేక ముక్కలు కలిపే పని కూడా పెట్టారా మీరు అన్నారు. మజ్జిగ పోసుకున్నారు. తరవాత తల ఎత్తకుండానే అన్నారు.

"ఎలాగూ అడిగావు కదా నవోమీ. ఒక్కసారి నా పేరు పెట్టి, గెలవాలని అడగలేకపోయావా?"

అక్క ఎంగిలి కంచం ముందు అలాగే కూర్చుంది.

ఆ తరవాత ఆయన ఆడలేదు. భోజనాల వేళ తన సీట్లోనే టిఫిన్ డబ్బా విప్పుకునేవారని వాళ్ల ఆఫీసాయన ఒకరు చెప్పారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో అక్క తనే కదిపింది, ఈసారి వెళ్లరా అని. చూద్దాంలే అన్నారు. మే మొదటి శుక్రవారం ప్రార్థనలో అక్క తన వంతు రాగానే లేచి నిలబడింది. మామూలుగా మేం కూర్చునే చెబుతాం.

"నా భర్త జయరాజు పోకర్ చాలా బాగా ఆడతారు. పోయినేడు మీకు అబద్ధం చెప్పాను. ఈసారి వారు వెళ్లి గెలవాలని ప్రార్థన చేయండి," అంది.

మగవాళ్ల వైపు కూర్చున్న బావగారు కార్పెట్ కేసి చూస్తున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మొహంలో నాకు ఏదైనా కనబడటం అదే మొదలు. కృపావరం గారు దగ్గి, ఈ కుటుంబాన్ని కాపాడు తండ్రీ అని ఒక్క ముక్కలో ముగించేశారు.

కారులో ఇంటికి వస్తూ అక్క మెల్లిగా అడిగింది, ఇప్పుడైనా టికెట్ బుక్ చేయమంటారా అని. ఆయన సిగ్నల్ దగ్గర ఆగి, పచ్చ లైటు పడ్డాక కారు కదిలించారు.

"పోయినేడే అడగాల్సింది. ఇప్పుడు పేక కట్ట తీస్తే కృపావరం గారి గొంతే వినబడుతోంది. చేతులు ఆడవు," అన్నారు.

ఇది జరిగి రెండేళ్లయింది. గ్లవ్ బాక్స్‌లో కట్ట అలాగే ఉంది. అక్క మాత్రం అప్పటినుంచి ఏవండీ మానేసి, ఆయన్ని పేరు పెట్టే పిలుస్తోంది. రెండోసారి పిలిస్తే పలుకుతారు. మొదటిసారికి, తననే పిలుస్తున్నట్టు ఆయనకి తట్టదు.