ఆకాశరామన్న చేతిరాత

పాతికేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల్లో విశాఖ పోర్టుకి దగ్గర్లో ఒక పోలీసు స్టేషన్లో నేను రైటర్ని, అంటే కాగితాలు రాసే హెడ్ కానిస్టేబుల్ని. అప్పుడొచ్చిన కొత్త కమిషనర్ మమ్మల్ని పరేడ్‌లో నిలబెట్టి, స్టేషన్ గుమ్మం ఎక్కడానికి భయపడేవాడి కోసమే మనం ఉన్నామన్నారు. ఆ మాటని నిజంగా నమ్మిన మనిషి ఆయన. ప్రతి స్టేషన్ గేటుకీ ఒక ఫిర్యాదుల పెట్టె పెట్టించారు. పేరు రాయక్కర్లేదు. మా పెట్టె తాళంచెవి నా చేతికే ఇచ్చారు, ఉత్తరాలు విప్పకుండా ప్రతి సోమవారం తన ఆఫీసుకి చేర్చమని.

మూడో సోమవారం ఒక ఆకాశరామన్న ఉత్తరం దొరికింది. విప్పాను. మా ఇన్‌స్పెక్టరు ఒక పోర్టు కూలీని ఏ కేసూ లేకుండా నాలుగు రోజులు లోపల పెట్టి కొట్టాడని ఉంది. నిజమే. నేనూ చూశాను. కానీ నా కళ్లు ఆగింది ఆ అక్షరాల దగ్గర. ఎడమకి వాలిన ఆ రాతని, మా ఖాకీలు కుట్టే బాషా కొలతల చీటీల మీద ఎన్నేళ్లుగానో చూస్తున్నాను. ఆ కూలీ అతని తమ్ముడు.

తీసుకెళ్లి ఇన్‌స్పెక్టరుకి చూపించాను, ఇది బాషా రాత అని చెప్పాను. ఎవరూ అడగలేదు. ఎవరూ బెదిరించలేదు. మరెందుకు? ఫ్యాను కింద కుర్చీ పోయి ఎండలో ట్రాఫిక్‌కి పంపేస్తారనా, లేక పైవాడి దగ్గర మంచివాణ్ననిపించుకుందామనే కుక్కబుద్ధా? రెండోదే.

బాషాని పిలిపించారు. సాయంత్రానికి అతని కుడిచేతి వేళ్లు మూడు విరిగాయి. బయటికొచ్చాక నేనే టీ ఇప్పించాను.

"పేరెట్టలేదు సార్. ఆలకెలా తెలిసిందంటారు?"

"ఏటో బాషా. నాకేటి తెల్దు."

"మీరొక్కలే సార్, ఈ టేసన్లో మనిషంటే."

ఆ తర్వాత పెట్టెలో ఒక్క కాగితం పడలేదు. ఫిర్యాదుల్లేని స్టేషనని కమిషనర్ మెచ్చుకున్నారు. ఆ మెప్పు కూడా సిగ్గులేకుండా తీసుకున్నాను.

బాషా మళ్లీ కత్తెర పట్టలేదు. తమ్ముడి సంపాదన మీదే బతికాడు. అయినా ప్రతి రంజాన్‌కీ మా ఇంటికి సేమ్యా పంపేవాడు, మంచి రైటర్ గారికని. ఏటా తిన్నాను. మొన్న పోయాడు.

చూపించింది నేనే బాషా. వినడానికి నువ్వు లేవు, క్షమించడానికీ లేవు. అయినా ఈ ఒక్క వాక్యం రాశాక ఇవాళ ఊపిరి తిన్నగా ఆడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.