అందరూ జూలై ఒకటిన పుట్టినవాళ్ళే

మా ఊరి బడి పుస్తకం ప్రకారం ఊళ్ళో పిల్లలంతా జూలై ఒకటిన పుట్టారు. ఒకరిద్దరు కాదు, బడి గడప తొక్కిన ప్రతి ఒక్కరూ. పెద్దసారు "ఎప్పుడు పుట్టిండు?" అని అడిగేవాడు. "జొన్న కోతలప్పుడు సారూ" అని తల్లి చెప్పేది. జొన్న కోతల్ని ఆ పుస్తకంలో రాయడానికి లేదు. సారు పిల్లవాడి ఎత్తు చూసి, పళ్ళు చూసి, ఏదో ఒక సంవత్సరం అనుకునేవాడు. తేదీ మాత్రం ఎప్పుడూ జూలై ఒకటే. ఆయన్ని తప్పు పట్టను. మా దగ్గరే లేని తేదీని ఆయన ఎక్కడినుంచి తెస్తాడు?

నా మనవరాలికీ అదే పడింది. పిల్లను బడికి ఆలస్యంగా పంపాం. బక్కగా ఉండేది. సారు ఏడాదికి పైగా వయసు తగ్గించి రాశాడు. అప్పటికి నాకు చదువు రాదు. ఏం రాశారో నేను చూడలేదు, చూసినా నాకు తెలిసేది కాదు.

తొంభైల మొదట్లో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే క్లాసు ఊళ్ళోకి వచ్చింది. యాభై దాటిన వయసులో నేను పలక పట్టాను. మా వాడకట్టు ఆడవాళ్ళు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. అక్షరాలు వచ్చాక అసలు ఇబ్బంది మొదలైంది. చదవడానికి ఊళ్ళో ఏముంది? బస్సు మీది పేరు, ఎరువు సంచి మీది రాత, ఆ తర్వాత బడి గోడ.

ఆ గోడ కొత్త టీచరమ్మ పెట్టిన పని. ఆమెది కోస్తా వైపు. భర్తకు పట్నంలో ఉద్యోగం. ఈమె రోజూ శంషాబాద్‌లో బస్సు మారి మా ఊరికి వచ్చేది. బడి గుమ్మం పక్క గోడకు నల్లరంగు వేయించి, పొద్దున రాగానే ఆ రోజు తేదీ రాసేది. లోకంలో ఆ తేదీన ఏం జరిగిందో, ఏ గొప్పవాళ్ళు పుట్టారో దాని కింద రాసేది. మనిషి చంద్రుడి మీద దిగింది ఫలానా రోజు, మందు కనిపెట్టినాయన పుట్టింది ఫలానా రోజు, ఇట్లా. నేను నీళ్ళ బిందె దింపుకుని కూడబలుక్కుని చదివేదాన్ని. సెప్టెంబరు పదిహేడున నిజాం రాజ్యం దేశంలో కలిసిన రోజు అని రాసింది. ఆ రోజుల్లో ఊరి మీద దాడికి వస్తారన్న భయంతో మా అమ్మ నన్ను జొన్నచొప్ప కుప్పలో దాచి, తనూ దూరి పైన కట్టలు లాక్కుంది. ముక్కులోకి దుమ్ము పోయి తుమ్ము వస్తుంటే నోరు మూసింది. అది గోడకెక్కేంత సంగతని అంతవరకు నాకెవరూ చెప్పలేదు.

లోకం సంగతుల కింద, ఆ రోజు పుట్టిన బడి పిల్లల పేర్లు కూడా రాయాలని టీచరమ్మ అనుకుంది. జూలై ఒకటి వచ్చింది. ఆమె పుస్తకం చూస్తూ పేర్లు రాస్తూ పోతే గోడ అయిపోయింది గానీ పేర్లు అయిపోలేదు. పిల్లలు ఒకరికొకరు చప్పట్లు కొట్టి అరచేతులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వి నవ్వి, చివరికి చాక్‌పీసు కింద పెట్టింది.

"ఇట్లా కాదర్రా. ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళని అడగండి. మీరు పుట్టిన రోజున ఏం జరిగిందో కనుక్కుని రండి. తేదీ నేను వెతికిపెడతాను."

మర్నాడు ఒకడు చెప్పాడు, "మా బర్రె ఈనిన్నాడంట టీచర్."

"బర్రె సంగతి పుస్తకాల్లో ఉండదు నాన్నా."

నా మనవరాలు నా దగ్గరికి వచ్చింది. "నాయినమ్మా, నేను పుట్టిన్నాడు ఏమైంది?"

"సూర్యుడు పోయిండు" అన్నాను.

నిజమే చెప్పాను. ఆ రోజు సంపూర్ణ గ్రహణం. మధ్యాహ్నం దాటాక పొద్దు మసకబారి, పట్టపగలు చీకటైంది. కోళ్ళు గూట్లోకి పోయాయి. ఊళ్ళో ఒక్క తలుపు తెరిచి లేదు. సరిగ్గా అప్పుడే కోడలికి నొప్పులు ముదిరాయి. కాన్పులు చేసే ఆమె ఇంటి తలుపు బాదితే, "గ్రహణం విడిచినంక వస్త, జర ఆగుమను" అంది. ఆగుమంటే ఆగేది కాదు కదా అది. అన్నీ నేనే చేశాను. సూర్యుడు మళ్ళీ బయటపడే వేళకు పిల్ల ఏడ్చింది. గ్రహణం రోజు పుట్టిందని చాలామంది పెదవి విరిచారు. నేను పట్టించుకోలేదు.

ఆ గ్రహణం తేదీ టీచరమ్మ పుస్తకంలో ఉంది. ఎనభయ్యో సంవత్సరం, ఫిబ్రవరి పదహారు. మరుసటి ఫిబ్రవరిలో గోడ మీద ఏడాదితో సహా సూర్యుడి మాట రాసి, దాని కిందే నా మనవరాలి పేరు రాసింది. పిల్ల ఆ రోజు దాహం లేకపోయినా నీళ్ళకని చాలాసార్లు బయటికి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ గోడ వైపు చూసింది.

బడి పుస్తకం మాత్రం మారలేదు. అందులో జూలై ఒకటి అట్లాగే ఉంది. దాని గురించి ఎవరమూ ఆలోచించలేదు.

పిల్ల ఏడో తరగతికి వచ్చింది. మా ఊరి బడి అంతవరకే. ఆ పైన హైస్కూలంటే శంషాబాద్ పోవాలి. నా కొడుకు మొండివాడు. నా కొడుకే కదా. "ఏడు చదివింది చాలు, అంగూర్ తోటల పనికి పోతది" అన్నాడు. పిల్ల రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పటికే ఖోఖోలో మా బడి పిల్లలు చుట్టుపక్కల ఊళ్ళను ఓడించుకుంటూ వచ్చారు. పట్టుకోవడానికి దొరకని కాళ్ళు నా మనవరాలివి. శంషాబాద్‌లో చివరి ఆట ఉంది. నా కొడుకు విసుగ్గా అన్నాడు, "సరే తియ్. షంషాబాద్‌ల గెలిచి రా, హైస్కూలుకు పంపిస్త. ఓడితే మాత్రం ఇగ నోరెత్తొద్దు."

పిల్ల ఆ మాటను పట్టుకుంది. తెల్లారితే పరుగు, పొద్దుగూకితే పరుగు.

ఆట రోజు టీచరమ్మతో పాటు పిల్లలకు తోడుగా నేనే పోయాను. మైదానంలో సున్నం గీతలు వేశారు. ఒక పక్క బల్ల వేసుకుని ఆటల సారు కాగితాలు చూస్తున్నాడు. మాతో తలపడేది జల్‌పల్లి వైపునుంచి వచ్చిన బడి. వాళ్ళ మాస్టరు మా పిల్లల కాగితాలు తిప్పి చూసి గట్టిగా నవ్వాడు.

"సార్, ఇది చూడుండ్రి. పది మందికి పది మంది జూలై ఒకటిన పుట్టిండ్రంట! ఏమ్మా, మీ ఊర్ల ఏటేటా అదే తారీఖుకు కంటరా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా పిల్లలు తలలు దించారు. నాకు ఒళ్ళు మండింది.

"మేం ఎప్పుడన్న కంటమయ్యా. రాసెటోడు ఒక్కనాడే రాస్తడు" అన్నాను.

మళ్ళీ నవ్వులు, ఈసారి మా పక్షాన. బల్ల దగ్గరి సారు మాత్రం నవ్వలేదు. "నవ్వుడు కాదు. ఈ ఆట పదమూడేండ్లు నిండని పిల్లలకు. ఈ తారీఖులు నమ్మి ఆడిస్తే రేపు నాకు పరేషాన్. ఇవి అసలు తారీఖులు కావని మీరే అంటున్నరు."

టీచరమ్మ కంగారుగా బల్ల మీదికి వంగింది. "రికార్డు ప్రకారం అందరికీ వయసు సరిపోయిందండీ. రికార్డే కదండీ లెక్క?"

"సరే. ఊరి పెద్దమనిషి ఎవరన్న సాక్ష్యం చెప్పాలె. ఈ అవ్వ మీ ఊరామెనే కదా?" సారు నాలుగు ముక్కలు రాసి, కాగితాన్నీ ఇంకు పెట్టెనూ నా ముందుకు జరిపాడు. "అవ్వా, వేలు పెట్టు. ఆట మొదలుపెడ్తం."

"నాకు సంతకం వస్తది" అన్నాను.

"ఇంకా మంచిది" అని పెన్ను ఇచ్చాడు.

పెన్ను తీసుకున్నాను. కాగితం చదివాను. ఈ పది మందిలో ఎవరికీ పదమూడేళ్ళు నిండలేదని నాకు తెలుసు, ఇది నిజం అని ఉంది. మళ్ళీ చదివాను. మాట మారలేదు.

వేలిముద్రే అయితే వేసి ఉండేదాన్నేమో. వేలికి చదువు రాదు. ఇప్పుడు అక్షరాలు నా వైపే చూస్తున్నాయి. గ్రహణం విడిచే వేళకు ఏడ్చిన పిల్లకు పదమూడు నిండి తొమ్మిది నెలలైంది. తల ఎత్తితే నా మనవరాలు గీత అవతల నిలబడి ఉంది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. కనురెప్ప వెయ్యడం లేదు. దానికి తన వయసు తెలుసు. మిగతా పిల్లలకూ తెలుసు. గోడ మీద అందరూ చదివినదే.

"నాయినమ్మా, పెట్టు" అని వాళ్ళలో ఒకతి గుసగుసగా అంది.

టీచరమ్మ నా పక్కకు వచ్చి చాలా మెల్లగా, "రికార్డులో ఉన్నదేనండీ మీరు చెప్పేది" అంది. నన్ను బతిమాలుతోందని గొంతులోనే తెలిసింది.

అవతలి మాస్టరు, "అవ్వ ఇంక అక్షరాలు కూడుకుంటున్నట్టుంది" అన్నాడు.

"కూడుకునుడు అయింది" అన్నాను. కాగితం వెనక్కి జరిపాను. "తొమ్మిది మంది అంటే పెడ్త. పది అంటే పెట్ట. ఒక పిల్లకు నిండినయి."

"ఎవరికి?"

"నా మనుమరాలికే."

సారు కొత్త కాగితం రాశాడు. నేను సంతకం పెట్టాను. నా మనవరాలు నడుముకు కట్టిన చున్నీ విప్పేసి, మైదానం చివరికి పోయి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. దాని స్థానంలో, పదిలో అదనంగా తెచ్చిన అందరిలోకీ చిన్నపిల్ల దిగింది. ఆ చిన్నది ప్రాణం పెట్టి ఉరికింది, రెండుసార్లు పడింది, మోచెయ్యి గీరుకుపోయింది. మా వాళ్ళు కొద్దిలో ఓడారు.

తిరుగు బస్సులో మనవరాలు నా పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. ఊరు వచ్చేదాకా నిలబడే ఉంది.

నా కొడుకు వాకిట్లోనే ఉన్నాడు. వార్త మాకంటే ముందే ఇల్లు చేరింది. "ఓడిండ్రంట కదా. అయిపోయింది. ఎల్లుండి కెల్లి తోటకు పోవాలె."

పిల్ల లోపలికి పోబోయింది. నేను గుమ్మంలో అడ్డం నిలబడ్డాను. కొడుకుతో అన్నాను:

"ఓడింది ఎవరురా?"

"మీ బడోళ్ళు."

"ఇది ఆడిందా?"

"నువ్వే గదా ఆడనియ్యలే! అందరి ముంగట దీని పరువు తీసినవ్."

"అవును, నేనే ఆడనియ్యలే. ఆడని పిల్ల ఎట్ల ఓడుతది? గెలిస్తే పంపిస్త అన్నవ్, ఓడితే నోరెత్తొద్దన్నవ్. ఇది గెలువలే, ఓడలే. నీ మాట ఇంక తెగలే. తెగని మాట మీద పిల్లను తోటకు ఎట్ల తోలుతవ్?"

"గట్ల తిరకాసు పెట్టకమ్మా."

"తిరకాసు కాదు. నేను అబద్ధం చెప్పనందుకు దీనికి ఆట పోయింది. చదువు కూడ పోతే, రేపటి సంది నాతోని నిజం ఎవ్వరూ చెప్పియ్యలేరు. నీకు కూడ చెప్ప."

వాడు దండెం మీది తువ్వాలు లాగాడు. "నీకు అక్షరాలు నేర్పినోళ్ళను అనాలె" అని తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఎల్లుండి వచ్చింది, పోయింది. తోట మాట వాడు ఎత్తలేదు. పంపిస్తానని కూడా అనలేదు. చలికాలమంతా ఇంట్లో అదే బిగింపు. పిల్ల నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది కాదు.

ఫిబ్రవరి పదహారు మళ్ళీ వచ్చింది. నేను బిందె దింపి గోడ దగ్గర నిలబడ్డాను. టీచరమ్మ చేతిరాతలో పట్టపగలు మాయమైన సూర్యుడి మాట ఉంది. దాని కింద, ఆమెది కాని చేతిరాతలో, నా మనవరాలి పేరు ఉంది. పేరు పక్కన పెద్దగా, చాక్‌పీసు విరిగేలా ఒత్తి రాసిన మాట: పద్నాలుగు.

వెనక అడుగుల చప్పుడైంది.

"చదివినవా?" అంది పిల్ల.

"చదివిన."

"బాపు గూడ చదివిండు. పొద్దుగాల పనికి పోతు గాడనే నిలబడ్డడు."

"ఏమన్నడు?"

"హైస్కూలుల గిదే వయసు చెప్పు అన్నడు."

నేను బిందె ఎత్తుకోబోయాను. పిల్ల ఒక పక్క పట్టుకుంది.