తెలుగు మిషను మీద దుప్పటి

ఈ రోజు మా యూనివర్సిటీ ఆఫీసుకి తెలుగు టైపు మిషను వచ్చింది. మా టైపిస్టు ఎస్తేరమ్మ గారు పోయినేడు పాలు తాగే బిడ్డను కోవూరులో తల్లి దగ్గర వదిలి, హైదరాబాదు వెళ్ళి తెలుగు టైపు శిక్షణ పొందారు. తిరిగి వచ్చేసరికి బిడ్డ ఆమెను గుర్తుపట్టలేదు. ఇక్కడేమో మిషనే లేదు. నేర్చుకున్నది పోకుండా, మధ్యాహ్నం అన్నం తిన్నాక అట్టముక్క మీద అక్షరాలు రాసుకుని వేళ్ళు ఆడించేవారు.

పొద్దున పెట్టె విప్పుతుంటే ఆమె చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డారు. సూపరింటెండెంటు గారు మిషనును తన గదిలో పెట్టించి, పైన దుప్పటి కప్పించారు.

"ఒక్క వరస కొట్టి చూస్తాను సార్," అన్నారామె.

"వద్దమ్మా. చెడిపోతే నన్నడగతారు. తనిఖీకి పెద్దోళ్ళు వచ్చినప్పుడు కొత్తగా కనపడాల."

"మరి నన్ను శిక్షణకి ఎందుకు పంపినారు సార్?"

"పంపమని ఆర్డరు వచ్చింది, పంపినాం. కొట్టించమని రాలేదు గదా!"

ఆమె తన చోటికి వచ్చి, ఇంగ్లీషు మిషనులో కాగితం ఎక్కించారు.

"రేపు మళ్ళీ అడుగుదాం అక్కా," అన్నాను.

"ఎందుకులే తమ్ముడూ, వేళ్ళు ఎట్లాగూ మరిచిపోతానే ఉండాయి," అన్నారు తలెత్తకుండా.

సాయంత్రం ఆ గదికి తాళం వేయమని సూపరింటెండెంటు గారు నాకే చెప్పారు. వేశాను. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు కాస్త చెప్పండి, మీ దగ్గరైనా పని నేర్చుకుని వచ్చినవాళ్ళను ఆ పని చేయనిస్తున్నారా?